లోపలివాడి సాక్ష్యం చెల్లదు

2017 మే 12న, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచం మీద పడింది. మూడు నాలుగు రోజులు తిరక్కుండానే మన దేశంలోనూ దాని దెబ్బ కనిపించింది. కోల్‌కతా నుంచి కొన్ని గంటల ప్రయాణంలో ఉన్న పశ్చిమ మేదినీపూర్ జిల్లాలో రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ కార్యాలయాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని మొరాయించాయి. తెర మీద ఎర్రటి కిటికీ, డబ్బు కట్టమనే హెచ్చరిక, పక్కనే గడువు తరిగిపోతున్నట్టు చూపే గడియారం. అప్పట్లో పత్రికలన్నీ వేసిన బొమ్మ అదే. అయితే ఆ కిటికీ తెరుచుకునే సమయానికి పని ఎప్పుడో ముగిసిపోయింది. అసలు చొరబాటు జరిగిన చోటు తెర మీద కనబడేది కాదు. అది మెమరీలో ఉంది. ఇవాళ ఆ చోటు గురించి, దానికి కాపలా ఎవరు కాయాలన్న ప్రశ్న గురించి మాట్లాడుకుందాం.

విండోస్‌లో ఫైళ్లు పంచుకోవడానికి ఎస్‌ఎమ్‌బీ అనే ఏర్పాటు ఉంది. అందులోని ఒక లోపాన్ని, వానాక్రై తన వ్యాప్తికి ఎంచుకున్న ఎటర్నల్‌బ్లూ అనే దాడి సాధనం వాడుకుంది. నెట్‌వర్క్ మీదుగా కొన్ని ప్యాకెట్లు పంపి, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్ మెమరీలో తన ఆదేశాలు రాసేసింది. ప్రపంచమంతటా దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7 యంత్రాలు. వాటిలో హెచ్‌ఏఎల్ హీప్ అనే ప్రాంతం ఉండేది. ఆ ప్రాంతం చిరునామా ముందే తెలిసిపోయేది. పైగా అక్కడ రాయడానికీ అనుమతి ఉంది, రాసినదాన్ని నడపడానికీ అనుమతి ఉంది. ఈ రెండు అనుమతులూ ఒకే చోట దొరికితే చొరబడేవాడికి ఇంకేం కావాలి? డిస్కు మీద ఒక్క ఫైలైనా పడకముందే, యాంటీవైరస్ వెతికి పట్టుకోవడానికి ఏమీ లేకముందే యంత్రం చేతులు మారిపోయింది.

ఇప్పుడు ఆ యంత్రాన్నే అడిగామనుకోండి, నీలో నడుస్తున్నదంతా అసలైనదేనా అని. జవాబు చెప్పేది ఎవరు? ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయి, ఏ ఫైళ్లు ఉన్నాయి, ఏ డ్రైవర్లు ఎక్కాయి అన్న ప్రతి ప్రశ్నకూ కెర్నలే జవాబిస్తుంది. కెర్నల్ చొరబాటుదారు చేతిలో పడ్డాక ఆ జవాబులు కూడా అతనివే. రూట్‌కిట్ అనే దుష్ట ప్రోగ్రాము చేసేది సరిగ్గా ఇదే. తనను తాను జాబితా నుంచి తీసేసుకుని, అడిగినవాళ్లకు అంతా బాగుందని చెబుతుంది. యాంటీవైరస్ కూడా అదే కెర్నల్ మీద ఆధారపడి బతికేది కాబట్టి దాని మాటకూ అంతే విలువ. అందుకే నా వాదన ఇది. ఒక యంత్రంలో నడుస్తున్న కోడ్ అసలైనదా కాదా అని తేల్చేవాడు ఆ యంత్రం చేతికి అందని చోట ఉండాలి. నేటి కంప్యూటర్లలో అలాంటి చోటు హైపర్‌వైజర్. అందులోనూ అది మెమరీని పంచి పెట్టే పద్ధతి. ఇంత చెప్పి, ఆ సాక్ష్యం ఎంతవరకు చెల్లుతుందో కూడా చెప్పకపోతే శ్రోతలకు అన్యాయం చేసినట్టే.

పరీక్షకుడు పరీక్షకు గురయ్యేవాడి మీద ఆధారపడకూడదన్న సూత్రం కోల్‌కతాకు కొత్త కాదు. ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో ఈ నగరంలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించారు. బెంగాల్‌లో జనపనార సాగు విస్తీర్ణం లెక్కగట్టే సర్వేలలో ఆయనకు ఎదురైన చిక్కు ఇలాంటిదే. పొలానికి వెళ్లిన ఉద్యోగి నిజంగా వెళ్లాడా, సరిగ్గా కొలిచాడా అని అతన్నే అడిగి లాభం లేదు. అందుకని ఒకే ప్రాంతం నుంచి వేర్వేరు నమూనాలు తీసి, ఒకరితో ఒకరికి సంబంధం లేని బృందాలకు అప్పగించి, ఆ బృందాల లెక్కలను పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి తెచ్చారాయన. తేడా వచ్చిందంటే ఎక్కడో పొరపాటైనా ఉండాలి, మోసమైనా ఉండాలి.

హైపర్‌వైజర్ విషయానికి వద్దాం. ఒకే పెద్ద సర్వర్‌ను పది ఇరవై విడి కంప్యూటర్లుగా భ్రమింపజేసే సాఫ్ట్‌వేర్ ఇది. ఐబీఎమ్ 1960లలోనే ఈ ఆలోచనను నడిపి చూపించింది. ఇవాళ క్లౌడ్ అని మనం పిలిచేదంతా చాలావరకు దీని మీదే నిలబడింది. ఆ విడి కంప్యూటర్లను గెస్ట్‌లు అంటారు. ప్రతి గెస్ట్‌కూ తన సొంత మెమరీ తనకు ఉందన్న నమ్మకం. నిజానికి మెమరీ అంతా 4096 బైట్ల చొప్పున పేజీలుగా కోసి ఉంటుంది. 4 గిగాబైట్ల గెస్ట్‌కు అలాంటి పేజీలు 10,48,576. ఏ చిరునామా ఏ పేజీకి చెందుతుందో చెప్పే పట్టిక ఒకటి గెస్ట్ చేతిలో ఉంటుంది. కానీ గెస్ట్ అసలు పేజీ అనుకున్నది కూడా అసలు పేజీ కాదు. దాన్ని నిజమైన మెమరీకి కలిపే రెండో పట్టిక హైపర్‌వైజర్ చేతిలో ఉంటుంది. 2007, 2008లలో ఏఎండీ, ఇంటెల్ సంస్థలు ఈ రెండో పట్టికను నేరుగా ప్రాసెసర్‌లోనే నడిచేలా చేశాయి. దీన్ని గెస్ట్ చూడలేదు, తాకలేదు. ఈ పట్టికలో ప్రతి పేజీకీ మూడు అనుమతులు ఉంటాయి. చదవొచ్చా, రాయొచ్చా, నడపొచ్చా అని.

తనిఖీ అంతా ఈ మూడు అనుమతులతోనే జరుగుతుంది. విద్యుత్ బిల్లుల సర్వర్ ఒకటి గెస్ట్‌గా లేస్తోందనుకోండి. హైపర్‌వైజర్ ముందుగా దానికి ఇచ్చిన పేజీలన్నిటికీ నడిపే అనుమతి తీసేస్తుంది. ప్రాసెసర్ ఒక పేజీలోని మొదటి ఆదేశాన్ని అందుకోబోతుంది. అనుమతి లేదు. వెంటనే గెస్ట్ అక్కడికక్కడే ఆగిపోయి, పగ్గాలు హైపర్‌వైజర్‌కు వస్తాయి. అది ఆ 4096 బైట్లను చదివి హ్యాష్ కడుతుంది. హ్యాష్ అంటే ఆ బైట్లన్నిటి నుంచి పిండిన చిన్న ముద్ర, ఎస్‌హెచ్‌ఏ-256 పద్ధతిలో అయితే 32 బైట్లు. ఈ సర్వర్‌లో ఉండవలసిన ప్రోగ్రాముల ముద్రలు ముందే సిద్ధం చేసి పెట్టుకున్న జాబితాలో అది ఉందా అని చూస్తుంది. ఉంటే ఆ పేజీకి నడిపే అనుమతి ఇచ్చి, రాసే అనుమతి తీసేస్తుంది. గెస్ట్ ఆగిన చోటి నుంచే మళ్లీ నడుస్తుంది. తాను ఆగిన సంగతి కూడా దానికి తెలియదు. మరోసారి అదే పేజీకి వస్తే ఇక తనిఖీ అక్కర్లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ మార్చలేరు. మార్చాలని ఎవరైనా ప్రయత్నిస్తే మళ్లీ పగ్గాలు హైపర్‌వైజర్‌కే. అప్పుడు రాసే అనుమతి ఇస్తే నడిపే అనుమతి పోతుంది. రెండూ ఒకేసారి ఏ పేజీకీ ఉండవు. మేదినీపూర్‌ను ఇక్కడ గుర్తు చేసుకోండి, అక్కడ ఈ తనిఖీ ఉండి ఉంటే ఏమయ్యేది? ఎటర్నల్‌బ్లూ రాసిన ఆదేశాలు మెమరీలోకి వచ్చి పడేవి, కాదనను. కానీ ప్రాసెసర్ వాటిలో మొదటిదాన్ని అందుకునే క్షణంలోనే ముద్ర కుదరక ఆగిపోయేవి. 2017 జూన్‌లో మైక్రోసాఫ్ట్ ప్రచురించిన విశ్లేషణ కూడా ఇదే చెప్పింది. విండోస్ 10లో హైపర్‌వైజర్ అండతో కోడ్‌ను తనిఖీ చేసే ఏర్పాటు ఆన్ చేసి ఉంటే, కెర్నల్‌లో రాసిన ఆ కోడ్ నడవదని.

ముద్ర ఎందుకు, బైట్ల నుంచి లెక్కగట్టే మామూలు తనిఖీ అంకె సరిపోదా అని అడగొచ్చు. ఇక్కడా కోల్‌కతాకు వాటా ఉంది. స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసి తర్వాత అమెరికా వెళ్లిన రాజ్‌చంద్ర బోస్, ఆయన శిష్యుడు రాయ్‌చౌధురి 1960లో వెలువరించిన సంకేత పద్ధతి బీసీహెచ్ కోడ్ పేరుతో ప్రపంచమంతటా వాడుకలో ఉంది. తీగలో సంకేతం చెదరడం వల్లనో, డిస్కు మీద గీత వల్లనో కొన్ని బిట్లు మారితే పట్టి సరిదిద్దే పద్ధతి అది. కానీ ప్రకృతి చేసే తప్పు వేరు, శత్రువు చేసే తప్పు వేరు. శత్రువు బైట్లను మార్చి, తనిఖీ అంకె కూడా కుదిరేలా ఇంకొన్ని బైట్లు మారుస్తాడు. అతను ఎంత ప్రయత్నించినా కుదరనివ్వని ముద్ర కావాలి. ఆ అవసరమే క్రిప్టోగ్రాఫిక్ హ్యాష్‌లకు దారి తీసింది. ఇన్‌స్టిట్యూట్‌లో ఇవాళ బోస్ గారి పేరుతోనే క్రిప్టాలజీ, భద్రతల పరిశోధన కేంద్రం ఉంది. క్రిప్టాలజీపై జరిగే ఇండోక్రిప్ట్ సదస్సుల పరంపర 2000 డిసెంబరులో మొదలైంది కూడా ఈ నగరంలోనే. ఈ విద్య తెలిసినవాళ్లు మనకు దూరంగా లేరు.

ఇది కాగితం మీది ఆలోచనగా మిగిలిపోలేదు. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో అరవింద్ శేషాద్రి, ఏడ్రియన్ పెరిగ్ తదితరులు సెక్‌వైజర్ అనే చిన్న హైపర్‌వైజర్ కట్టారు. ఆమోదించిన కోడ్ తప్ప ఇంకేదీ కెర్నల్ హోదాలో నడవనివ్వదు అది. లక్షల వరుసల లైనక్స్ కెర్నల్‌ను దానికి సరిపడేలా చేయడానికి వాళ్లు కలిపినవి 12 వరుసలు, తీసేసినవి 81. మరుసటి ఏడు టొరంటో విశ్వవిద్యాలయం నుంచి పాటగోనిక్స్ వచ్చింది. గెస్ట్ ఇచ్చే ప్రోగ్రాముల జాబితాను అది అసలు నమ్మదు. నడవబోయే ప్రతి పేజీనీ పైన చెప్పిన పద్ధతిలోనే పట్టి, ఏ ప్రోగ్రాముకు చెందినదో తానే గుర్తిస్తుంది. జాబితాలో లేని ప్రోగ్రాము నడుస్తుంటే దాగుడుమూతలు అక్కడితో ముగిసినట్టే. చాలా ప్రోగ్రాముల మీద అదనపు భారం 3 శాతం లోపే అని వాళ్ల కొలతలు చెప్పాయి. కోడ్ అరుదుగా మారుతుంది, ఒకసారి చూస్తే చాలు. భారం తక్కువగా ఉండడానికి కారణం అదే.

ఇక అభ్యంతరాలు. మొదటిది సులువైనది. వానాక్రైకి విరుగుడు ప్యాచ్ 2017 మార్చి 14నే వచ్చింది కదా, అది వేసుకుంటే చాలదా అంటారు. వేసుకోవలసిందే, అందులో రెండో మాట లేదు. కానీ ప్యాచ్ తెలిసిన లోపానికే వస్తుంది. కెర్నల్‌లోకి కొత్త ఆదేశాలు ఎక్కించి నడిపే దాడులన్నిటికీ, లోపం ఏదైనా సరే, ఈ తనిఖీ అడ్డు నిలుస్తుంది. ప్యాచ్ వచ్చిన రోజుకూ కార్యాలయంలో అది వేసే రోజుకూ మధ్య ఎంత ఎడం ఉంటుందో ప్రభుత్వ కార్యాలయాలు తెలిసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. రెండో అభ్యంతరానికి బరువు ఎక్కువ. నిజాయితీ గల కోడ్ కూడా మారుతుంది కదా? విండోస్ ఒక లైబ్రరీని వేరే చిరునామాలో ఎక్కిస్తే లోపలి అంకెలు కొన్ని మారతాయి. లైనక్స్ కెర్నల్ ప్రాసెసర్‌ను బట్టి తన ఆదేశాలు కొన్ని తానే దిద్దుకుంటుంది. జావా అయితే నడుస్తూ నడుస్తూనే కొత్త యంత్ర భాష తయారు చేస్తుంది. దానికి ముందే ముద్ర ఎవరు వేసిపెట్టగలరు? లైబ్రరీల సంగతికి పరిష్కారం దొరికింది, మారిన అంకెలను లెక్కలో వెనక్కి తిప్పి పోల్చవచ్చు. జావా సంగతికి పూర్తి పరిష్కారం లేదు. దాన్ని మినహాయింపుగా రాసి పెట్టుకుని, తక్కిన యంత్రాన్ని గట్టిగా పట్టుకోవాలి. బిల్లుల సర్వర్‌లో ఏ ప్రోగ్రాములు ఉండాలో ముందే తెలుసు కాబట్టి అది సాధ్యమే. మనిషి రోజుకో కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకునే ల్యాప్‌టాప్‌లో అంత తేలిక కాదు.

అన్నిటికంటే లోతైన అభ్యంతరం మూడోది. కోడ్ అసలైనదని తేలినంత మాత్రాన అది చేసే పని మంచిదని తేలుతుందా? తేలదు. 2007లో హోవవ్ షాకమ్ చూపించింది ఇదే. కొత్త ఆదేశం ఒక్కటీ ఎక్కించకుండా, ఉన్న అసలైన కోడ్‌లోని ముక్కలనే కొత్త వరుసలో పిలిపించి దాడి చేయవచ్చు. రెండేళ్లకే ఆ పద్ధతిలో రూట్‌కిట్ కూడా రాసి చూపారు జర్మనీ పరిశోధకులు. ప్రతి పేజీ ముద్రా సరిగ్గానే ఉంటుంది, పని మాత్రం దొంగపని. ఇంతకంటే దగ్గరి ఉదాహరణ 2024 జూలై 19. భద్రతా సాఫ్ట్‌వేర్ తయారుచేసే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక అప్‌డేట్ వల్ల 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా. ఆ రోజు హైదరాబాద్ నుంచి కోల్‌కతాకు చేతిరాతతో ఇచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అక్కడ కోడ్‌లో దొంగ ఎవరూ లేడు. డ్రైవర్ అసలైనదే, దాని మీది డిజిటల్ సంతకమూ అసలైనదే. అది చదివిన సమాచార ఫైలులో తప్పు ఉంది. హైపర్‌వైజర్ పేజీలను ఎంత గట్టిగా తనిఖీ చేసినా ఆ రోజు విమానాశ్రయాలను కాపాడలేకపోయేది. కాబట్టి ఈ పద్ధతిని అమ్మేవాళ్లు సంపూర్ణ భద్రత అన్నప్పుడు నమ్మకండి. ఇది చెప్పేది ఒక్కటే, నడుస్తున్నది మీరు పెట్టిన కోడే అని. అయినా ఆ ఒక్కటీ చిన్న సంగతి కాదు. కొత్త కోడ్ ఎక్కించే రాజమార్గం మూసుకుపోతే దాడి చేసేవాడు ఇరుకు సందుల్లో, ముక్కలు ఏరుకుంటూ రావాలి. ఆ సందులకు అడ్డంగా ప్రాసెసర్లలో ఇప్పుడు షాడో స్టాక్ అనే ఏర్పాటు కూడా వచ్చింది. సంతకాల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే దుష్ట ప్రోగ్రాము డ్రైవర్లకు తైవాన్ కంపెనీల దగ్గర దొంగిలించిన కీలతో అసలు సంతకాలే ఉన్నాయి. ఎవరి సంతకమైనా చాలనుకోవడం కంటే, ఈ యంత్రంలో ఈ ప్రోగ్రాములే అని కార్యాలయం సొంతంగా జాబితా పెట్టుకోవడం మేలనడానికి అది నిదర్శనం.

మరి హైపర్‌వైజర్‌నే ఎవరైనా లోబరుచుకుంటే? ఈ భయం ఊహ కాదు. 2015 అక్టోబరులో జెన్ హైపర్‌వైజర్‌లో ఒక లోపం బయటపడింది. గెస్ట్ ఇచ్చే పేజీ పట్టికను సరిగా పరీక్షించకపోవడం వల్ల గెస్టే మొత్తం యంత్రాన్ని చేజిక్కించుకోగలిగే లోపం, ఏడేళ్లుగా ఎవరి కంటా పడలేదు. సెక్‌వైజర్ సంగతి ఇంకా ఆసక్తికరం. 2008లో దాన్ని కట్టినవారిలోనే కొందరు, సాగర్ చాకీ, అనుపమ్ దత్తా తదితరులతో కలిసి, మోడల్ చెకింగ్ అనే గణిత పద్ధతితో తమ సృష్టినే పరీక్షించారు. రెండు దారులు తెరిచే ఉన్నాయని తేలింది. ఆమోదం పొందిన చిరునామా కింద అసలు పేజీ బదులు వేరే పేజీని తెచ్చి పెట్టడం ఒకటి. ఆమోదం పొందిన పేజీకే రాసే అనుమతి గల రెండో చిరునామా తగిలించడం మరొకటి. ముద్ర సరిగ్గానే ఉంది, ముద్ర వేసిన వస్తువు కాళ్ల కింది నుంచి జారిపోయింది. వాటిని సరిదిద్ది, సరిదిద్దిన నమూనాను మళ్లీ పరీక్షించారు. ఈ కథ హైపర్‌వైజర్ మీద నా నమ్మకాన్ని తగ్గించలేదు, పెంచింది. కొన్ని వేల వరుసల ప్రోగ్రామును ఇలా గణితంతో నిలదీయగలం, కోట్ల వరుసలున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిలదీయలేం. అందుకే కాపలా కాసే పొర చిన్నదై ఉండాలి. దానికి నానా సౌకర్యాలు తగిలించి లావు చేసే కొద్దీ మనం మొదలుపెట్టిన చోటికే వస్తాం.

క్లౌడ్‌లో సర్వర్ అద్దెకు తీసుకున్నవాళ్లది ఇంకో ప్రశ్న. క్లౌడ్ యజమాని నా మెమరీ చదవడమెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. ఏఎండీ, ఇంటెల్ ఇప్పుడు గెస్ట్ మెమరీని హైపర్‌వైజర్‌కే అర్థం కాకుండా గుప్తీకరించే ప్రాసెసర్లు ఇస్తున్నాయి. అప్పుడు బయటి నుంచి ముద్ర కట్టడం కుదరదు. దానికి జవాబు కూడా ఆ ప్రాసెసర్లలోనే మొలకెత్తుతోంది. ఏఎండీ వారి ఎస్‌ఈవీ-ఎస్‌ఎన్‌పీ అనే ఏర్పాటులో గెస్ట్ లోపలే అంతస్తులు ఉంటాయి. పై అంతస్తులోని చిన్న ప్రోగ్రాము కింది కెర్నల్ పేజీల అనుమతులు అదుపు చేయగలదు. కాపలాదారు అద్దెదారు మనిషే, కానీ కెర్నల్ చేతికి అందడు.

ఇదంతా మన కార్యాలయాలకు ఎలా వర్తిస్తుంది? సాల్ట్ లేక్ సెక్టర్ ఫైవ్‌లో పశ్చిమ బెంగాల్ రాష్ట్ర డేటా సెంటర్ ఉంది. మన రెండు తెలుగు రాష్ట్రాలకూ డేటా సెంటర్లు ఉన్నాయి. ఒకే యంత్రం మీద పలు శాఖల గెస్ట్‌లు నడపడం ఇప్పుడు డేటా సెంటర్లలో మామూలే. అంటే తనిఖీకి కావలసిన పొర చాలాచోట్ల అక్కడ ముందే ఉంది. లేనిదల్లా ఏ శాఖ సర్వర్‌లో ఏ ప్రోగ్రాములు నడవాలో ముద్రలతో సహా రాసిపెట్టిన జాబితా. సర్వర్లు కొనే టెండర్‌లోనే సాఫ్ట్‌వేర్ ఇచ్చే కంపెనీ ఆ జాబితా ఇవ్వాలని, ప్రతి అప్‌డేట్‌తో పాటు కొత్త ముద్రలు అందజేయాలని షరతు పెట్టాలి. బల్ల మీది కంప్యూటర్లకైతే విండోస్ 11లో కెర్నల్ కోడ్‌కు ఇలాంటి తనిఖీనే పెట్టే మెమరీ ఇంటెగ్రిటీ అనే మీట ఉంది. డివైస్ సెక్యూరిటీలో కోర్ ఐసోలేషన్ అన్న చోట కనిపిస్తుంది. పాత స్కానర్ డ్రైవర్ కోసమో ప్రింటర్ డ్రైవర్ కోసమో దాన్ని ఆపేసిన కార్యాలయాలు ఆ డ్రైవర్‌ను మార్చుకోవాలి.

ఇక ముద్ర కుదరని పేజీ దొరికితే ఏం చేయాలి? విద్యుత్ సంస్థలో, ఆసుపత్రిలో సర్వర్‌ను టక్కున ఆపేస్తే దాడి చేసేవాడి పని మనమే చేసినట్టవుతుందని భయపడేవాళ్లున్నారు. నా అభిప్రాయం స్పష్టం. కెర్నల్ పేజీ అయితే మొదటి రోజు నుంచే నడవనివ్వకూడదు, ఎందుకంటే కెర్నల్ పోయాక కాపాడుకోవడానికి ఇంకేమీ మిగలదు. మామూలు ప్రోగ్రాముల పేజీలైతే మొదట కొన్ని నెలలు నడవనిచ్చి, ప్రతి ఒక్కటీ నమోదు చేసి, జాబితాలోని ఖాళీలు పూరించాక అప్పుడు ఆపడం మొదలుపెట్టాలి. ఏది ఆపాలి, ఏది నమోదు చేసి వదలాలి, ఆపితే బదులు సర్వర్ ఏది అన్న నిర్ణయాలు రాత్రి రెండు గంటలకు డ్యూటీలో ఉన్న ఆపరేటర్ నెత్తిన పెట్టేవి కావు. ఆ శాఖ అధికారి ముందే రాసి, సంతకం చేసి, డేటా సెంటర్‌కు ఇవ్వవలసినవి.